అరవై కిలోల మట్టి

ఉదయం 6:50కి, మూతపడిన బ్యాటరీల కార్ఖానా స్థలంలో, నమూనాల కోసం తవ్విన ఏడో నంబరు గుంటలో మట్టి డాక్టరు శవం కనబడింది. నేలల్ని పరీక్షించే శాస్త్రవేత్త ఆయన, అందరూ అలాగే పిలుస్తారు. చూసినవాడు గేటు కాపలాదారు. గుంట లోతు ఐదడుగులు. తల వెనక దెబ్బ. జేబులో టార్చి, పక్కన పగిలిన ఫోను.

8:30కి కేసు ముగిసింది. ప్రధాన కార్యాలయం నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టర్ ప్రమాదమని రాసి సంతకం పెట్టాడు. డిపార్ట్‌మెంటులో ఆయన్ని అందరూ ఫుల్‌స్టాప్ అంటారు, ఏ కేసైనా ఒక్క వాక్యంలో తేల్చేస్తాడని. 9:40కి స్థలాన్ని కాంట్రాక్టరుకు అప్పగించాడు. పదకొండింటికల్లా మూడు బుల్‌డోజర్లు గుంటలు పూడ్చి, బయటినుంచి తెచ్చిన మట్టిని అడుగు మందాన పరిచేశాయి.

11:20కి ఆ ప్రాంతపు స్టేషన్ ఇన్‌స్పెక్టర్ అక్కడికి చేరింది. పొద్దుటినుంచి ఆమె ఇంకో కేసులో కోర్టు బోనులో ఉంది. బోనులో ఉన్నంతసేపూ ఫోను ఆపేయాలి.

"గుంట ఏది బాబాయ్?"

హెడ్ కానిస్టేబుల్‌కి ఇంకా నాలుగు నెలల సర్వీసు ఉంది. నలుగురిలో ఆమెను మేడమ్ అంటాడు. ఇద్దరే ఉంటే అమ్మా అంటాడు.

"ఇక్కడే ఉండాలమ్మా. ఆ బుల్‌డోజర్ కింద."

"ఏ బుల్‌డోజర్?"

"మూడిట్లో ఏదో ఒకటి."

కాంట్రాక్టరు మనిషి కాగితం చూపించాడు. కింద ఫుల్‌స్టాప్ సంతకం, మీద సీలు. పరిచిన మట్టిని తవ్వాలంటే కోర్టు ఉత్తర్వు కావాలి. ఆమె కోర్టు గుమస్తాకి ఫోన్ చేసింది. ఎల్లుండికి గానీ కాదన్నాడు.

ఎల్లుండి దాకా ఆగే పని కాదది. ఆ స్థలాన్ని పక్క బడికి ఆటస్థలంగా ఇవ్వబోతున్నారు. సాయంత్రం నాలుగింటికి అనుమతుల కమిటీ కూర్చుంటుంది. ఆ నేలలోని సీసం, కాడ్మియం లాంటి లోహాల వల్ల చెట్టుకి, పురుగుకి, మనిషికి ఎంత ప్రమాదమో లెక్కగట్టిన నివేదిక ఒకటి కమిటీ ముందుంది. తక్కువ ప్రమాదం అని అందులో రాశారు. కింద మట్టి డాక్టరు సంతకం ఉంది. కమిటీ సరేనంటే సోమవారం నుంచి మూడొందల ఎనభై మంది పిల్లలు అక్కడ ఆడతారు.

జీపులో హెడ్ ఆ నివేదిక తిరగేశాడు.

"ఇదేం లెక్కమ్మా? మామూలు నేలకన్నా ఎన్ని రెట్లుందో చూసి, సీసమైతే ఐదుతో గుణించారు, కాడ్మియమైతే ముప్పైతో."

"ఏది ఎంత చెడ్డదో దాన్ని బట్టి."

"మా అత్తగారిని ఎంతతో గుణించాలో."

"చదవండి బాబాయ్."

"మొత్తం తొంభై నాలుగు. నూటయాభై దాటకపోతే తక్కువ ప్రమాదమట. ఆరొందలు దాటితే తీవ్రమట." కాగితం మడిచాడు. "ఇరవై ఏడేళ్లు బ్యాటరీలు కరిగించిన చోట తొంభై నాలుగా? మా పెరట్లో మట్టి తీసినా అంతే వస్తుంది."

మట్టి డాక్టరు ఇంటికి 12:30కి చేరారు. చావు కబురు విన్న ఇల్లు. హాల్లో కుర్చీలు గోడకి జరిపేశారు. ఆయన చెల్లెలు ఫోన్లో బంధువులకు ఒకటే మాట పదేపదే చెబుతోంది. భార్య భోజనం బల్ల దగ్గర కూర్చుంది. ఆమె రైల్వేలో బుకింగ్ క్లర్కు. పంతొమ్మిదేళ్లుగా కౌంటరు వెనక కూర్చుని రైళ్ల వేళలు చెబుతోంది.

"ఐదూ ఐదుకి బయల్దేరారు. టార్చి, మిషను తీసుకెళ్లారు."

"ఏం మిషను?"

"మట్టికి ఆనిస్తే ఏ లోహం ఎంతుందో చెప్పేది. చూడ్డానికి తుపాకీలా ఉంటుంది. రాత్రి తెచ్చి ఈ బల్ల మీద పెట్టారు. తినే చోట అదేంటని పోట్లాడాను. తీసి బీరువా మీద పెట్టారు. పొద్దున దాన్ని దించుతుంటే చప్పుడైంది, లేచి గడియారం చూశాను."

ఇన్‌స్పెక్టర్ జేబులోంచి శవపంచనామా తీసింది. గుంటలో దొరికినవి: టార్చి, ఫోను, పెన్ను, చేతి రుమాలు. మిషను లేదు.

"అంత పొద్దున్నే ఎందుకు వెళ్లారు?"

భార్య లోపలి గది వైపు చూసింది. ఫోను పక్కన పెట్టి ఆడపడుచు వచ్చింది.

"వదినా, ఆ డబ్బా సంగతి చెప్పు."

"ఇప్పుడెందుకే?"

"ఇప్పుడు కాకపోతే ఎప్పుడు? అన్నయ్యని జారి పడ్డాడని రాసేశారు. రేపు తాగి పడ్డాడని రాస్తారు. చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

భార్య లోపలికి వెళ్లి మంచం కిందనుంచి ఒక ప్లాస్టిక్ డబ్బా లాక్కొచ్చింది. అందులో సగానికి మట్టి ఉంది.

"పాత పనిలో మిగిలిన మట్టి. ఆయన దీన్ని పదిసార్లు పరీక్ష చేయించారు. ఇందులో సీసం ఎంతో ఆయనకు తెలుసు. ఎక్కడ పనికెళ్లినా ఒక సంచి దీంతో నింపి, మామూలు నంబరు వేసి, మిగతా సంచుల్లో కలిపేసేవారు. ల్యాబ్ వాళ్లకి చెప్పేవారు కాదు. ఆ ఒక్క నంబరుకి సరైన అంకె వస్తే మిగతావి నమ్మొచ్చని."

"ఈసారి ఏ నంబరు?"

ఆమె మూత తిప్పి చూపింది. లోపల చీటీ అంటించి ఉంది. ఇరవై మూడు. సీసం కిలోకి 1,160 మిల్లీగ్రాములు. తేదీ ఈ నెల ఒకటి.

ఇన్‌స్పెక్టర్ నివేదికలో ఆరో పేజీ తీసింది. నమూనా నంబరు ఇరవై మూడు. సీసం 24.

"నిన్న సాయంత్రం ఆఫీసులో ఈ పేజీ చూశారట," అంది భార్య. "రాత్రి అన్నం ముట్టలేదు. నలభై సంచుల్లో ఒక్కటి కూడా నా మట్టి కాదు అన్నారు. మళ్లీ కొలుస్తానన్నారు."

"మరి సంతకం?"

"చివరి పేజీ మీద ముందే పెట్టించుకుంటారు. ఫీల్డుకెళ్లేవాళ్లు మళ్లీ ఆఫీసులో ఎప్పుడు దొరుకుతారోనని. అక్కడ అందరూ అలాగే పెడతారు."

"ఎవరికైనా ఫోన్ చేశారా?"

"దారిలో చేస్తానన్నారు. ఎవరికో చెప్పలేదు."

ఫోన్ కంపెనీని 12:10కే కాల్ వివరాలు అడిగారు. రేపు పదకొండింటికి ఇస్తామన్నారు. శవపరీక్ష నివేదికా రేపే. ఇన్‌స్పెక్టర్ నోట్‌బుక్‌లో 'రేపు' అనే మాట అప్పటికి రెండుసార్లు రాసింది. మూడోసారి రాయబోయి పెన్ను మూసేసింది.

ఆమె లేచేటప్పుడు భార్య అడ్డొచ్చింది.

"మేడమ్, ప్రమాదమని రాసుకుంటే రాసుకోండి, నేనేం అనను. కానీ ఆ కాగితం మీద ఆయన సంతకం ఉంది. రేపు అక్కడ ఆడిన పిల్లాడికి ఏదైనా అయితే, చేసింది మా ఆయనే అంటారు. నాలుగింటికి అది పాసవకుండా చూడండి. నాకు అదొక్కటి చాలు."

1:15కి జీపులోంచి కమిటీ కార్యదర్శికి ఫోన్ చేసింది.

"డబ్బా మూతకి అంటించిన చీటీ," అన్నాడాయన. "అదేనా మీ సాక్ష్యం?"

"నివేదిక అబద్ధమని అది చెబుతోంది."

"ఏం చెబుతోంది? పోయినాయన అలా అన్నాడని ఆయన భార్య అన్నదని మీరంటున్నారు. మేడమ్, నా ముందు నలభై నమూనాల పట్టిక ఉంది. మీ దగ్గరేముంది? ఆ నేల మట్టిలో ఇంత ఉందని ఒక్క అంకె తెండి. వాయిదా వేయిస్తాను. లేకపోతే అజెండాలో అది రెండో అంశం. నాలుగూ పదికల్లా అయిపోతుంది."

"నేల మీద అడుగు మందాన వేరే మట్టి పరిచారు. కొలవడానికి వీల్లేదు."

"పరవమని ఇచ్చింది మీ డిపార్ట్‌మెంటే కదండీ."

అది నిజం. ఆమె ఫోన్ని డాష్‌బోర్డు మీదకి విసిరింది. జారి కింద పడింది. హెడ్ తీసి, తుడిచి, ఇచ్చాడు.

"బాబాయ్, సంచికి ఎంత బరువు?"

"కిలోన్నర అని రాశారమ్మా."

"నలభై సంచులు."

"అరవై కిలోలు."

"సంచులు అవే, లోపల మట్టి మారింది. అంటే అరవై కిలోల మంచి మట్టి ఎక్కడినుంచో వచ్చింది. అరవై కిలోల అసలు మట్టి ఎక్కడికో పోయింది. నేల దొరక్కపోతే పోనీ. ఆ అరవై కిలోలు దొరకాలి."

"మట్టిని ఎక్కడ వెతుకుతామమ్మా? ఏ మూల పోసినా అక్కడి మట్టిలో కలిసిపోతుంది."

మట్టి డాక్టరు పనిచేసిన, ఆ సంచుల్ని పరీక్షించిన ల్యాబ్‌కి ఆమె జీపు పోనిమ్మంది.

ల్యాబ్‌లో ఇరవై నిమిషాలు కూర్చోబెట్టారు. 2:25కి మేనేజర్ వచ్చాడు. తెల్లకోటు, చేతిలో ఫైలు. ఆమె కూర్చోమనక ముందే కూర్చున్నాడు.

"సంచులు మీకు ఎప్పుడు అందాయి?"

"ఒకటో తారీఖు సాయంత్రం 6:20. స్టోర్‌రూములో పెట్టి తాళం వేశాం. రెండో తారీఖు పొద్దున 9:05కి తెరిచాం. సీళ్లు సరిగ్గా ఉన్నాయి. రిజిస్టర్లో ఉంది."

"సీలు వేసే మిషన్ ఎక్కడుంటుంది?"

"స్టోర్‌రూములోనే."

"తాళం చెవులెన్ని?"

"రెండు. ఒకటి నా దగ్గర, ఒకటి స్టోర్ కీపర్ దగ్గర."

"స్టోర్ కీపర్‌ని పిలవండి."

"సెలవులో ఉన్నాడు. పోయిన నెల ఇరవై ఎనిమిది నుంచి."

"మరి ఆయన తాళం చెవి?"

మేనేజర్ ఫైలు తెరిచి, మూశాడు. "నాకే ఇచ్చి వెళ్లాడు."

స్టోర్‌రూము పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు. కిటికీ లేదు. రెండు వైపుల ఇనుప రాకులు, చివర ఇంకో రాకు, దాని వెనక మూసి ఉన్న తలుపు. ఎడమ రాకు మూడో అరలో తుపాకీలాంటి మిషను ఉంది.

ఆమె దాన్ని ముట్టుకోలేదు. పక్కనున్న రిజిస్టర్ తీసింది. ఇరవై నాలుగో తారీఖు, సాయంత్రం 6:10, తీసుకెళ్లినది: మట్టి డాక్టరు సంతకం. ఇరవై ఐదో తారీఖు, అంటే ఇవాళ, ఉదయం 8:40, తిరిగి చేరినది: మేనేజర్ సంతకం.

"ఇది ఇక్కడికెలా వచ్చింది?"

"పొద్దున వచ్చేసరికి నా టేబుల్ మీద ఉంది. రాత్రే తెచ్చి పెట్టి ఉంటాడు."

"వెంటనే రిజిస్టర్లో ఎందుకెక్కించారు?"

"ఇందులో ఎక్స్‌రే ఉంటుంది మేడమ్. రోజూ తొమ్మిదింటికి లెక్క చూపాలి. కనబడకపోతే రేడియేషన్ భద్రతా ఆఫీసుకి ఫోన్ చెయ్యాలి. గంటలో వచ్చి బిల్డింగంతా వెతుకుతారు."

"ఇవాళ ఎవరూ వచ్చి వెతక్కూడదు కాబట్టి ఇది తొమ్మిదిలోపు అరలో ఉండాలి."

"నేనలా అనలేదు."

"నేనన్నాను. ఇందులో పాత కొలతలుంటాయా?"

"ఉండాలి." బటన్ నొక్కాడు. తెర మీద సున్నా వచ్చింది. "తుడిచేసినట్టున్నాడు."

"ఎవరు?"

2:50కి గుమ్మంలో ఫుల్‌స్టాప్ నిలబడ్డాడు. మేనేజరే ఫోన్ చేసి ఉండాలి.

"ఏమ్మా, కోర్టు తొందరగానే వదిలిందే."

"మీ అంత తొందరగా కాదు."

"జారాడు. పడ్డాడు. పోయాడు. మూడు మాటలు. దీనికి నవల ఎందుకు?"

"జారినాయన చేతిలో ఈ మిషనుంది. ఇది నడుచుకుంటూ వచ్చి అరెక్కి కూర్చుందా?"

"రాత్రే ఇచ్చేశాడని ఆయన చెబుతున్నాడుగా."

"ఐదూ ఐదుకి పట్టుకెళ్లాడని భార్య చెబుతోంది."

"నిద్రకళ్ల భార్య."

"రైల్వే బుకింగ్ క్లర్కు. ఐదూ ఐదంటే ఐదూ ఐదే. శవాన్ని 6:50కి చూశారు. మీరు 8:30కి రాసేశారు, 9:40కి స్థలం ఇచ్చేశారు. ఎందుకంత తొందర?"

"ఇవ్వొద్దని ఎవరన్నారు? అనడానికి నువ్వున్నావా అక్కడ?"

అక్కడ తను లేదు.

"పైనుంచి ఫోనొచ్చింది," అన్నాడు ఫుల్‌స్టాప్. "పిల్లల ఆటస్థలం, ఆలస్యం చెయ్యకండి అన్నారు."

"పైన అంటే ఎవరు?"

"పైన అంటే పైనే. గోరంతది కొండంత చెయ్యకమ్మా. ఇరవై ఆరేళ్ల సర్వీసులో గుంటలో పడి పోయినవాళ్లని ఎంతమందిని చూశానో. అందరినీ ఎవరో తోశారనే వాళ్ల ఇంట్లోవాళ్లు అంటారు."

"అంటారు. వాళ్లలో డబ్బా మూత తెరిచి అంకె చూపినవాళ్లు ఎంతమంది?"

"ఏ అంకె?"

ఆమె ఇరవై మూడు సంగతి చెప్పింది. ఆయన నిలబడే విన్నాడు. విని గడియారం చూసుకున్నాడు. "ల్యాబ్ తప్పు కూడా కావొచ్చు. ఒక సంచి అటూ ఇటూ అయి ఉండొచ్చు. నాలుగింటి దాకా ఉంటాను. నువ్వు ఈయన్ని వేధించకుండా చూడ్డానికి."

పరీక్షకి పోగా మిగిలిన మట్టిని ల్యాబ్‌లో నెల రోజులు సీసాల్లో దాచాలి. వాటిని తెమ్మంటే ఒకమ్మాయి ట్రేలో పెట్టి తెచ్చింది. ల్యాబ్‌లో ఆమెను వానపాముల అమ్మాయి అంటారు. మట్టిలో వానపాములను వేసి, రెండు వారాల తర్వాత ఎన్ని బతికాయో లెక్కపెట్టడం ఆమె పని. నేల ప్రాణుల్ని చంపుతుందో లేదో అలా తెలుస్తుంది.

"ఈ మట్టిలో ఎన్ని బతికాయి?"

"అన్నీ మేడమ్. నూరు శాతం." ఆ అమ్మాయి మేనేజర్ని చూసింది. చూపు దించుకుంది. రిజిస్టర్ని గుండెకి హత్తుకుని నిలబడింది.

"అది ఇలా ఇవ్వమ్మా."

ఇవ్వడానికి కొంచెం సేపు పట్టింది. పదహారో తారీఖు పేజీలో, పద్నాలుగో నమూనా ఎదుట, ఒక అంకె కొట్టేసి ఉంది. కొట్టేసినది 11. పక్కన రాసినది 10.

"ఇదేంటి?"

"పది వేశాను. పదకొండొచ్చాయి."

ఫుల్‌స్టాప్ నవ్వాడు. "లెక్క తప్పావేమో."

"వానపాములు పరిగెత్తవు కదా సార్, లెక్క తప్పడానికి." అని నాలిక కరుచుకుంది. తర్వాత ఆగలేదు. "పదకొండోది పిల్ల. నేను వేసినవి పెట్టిన గుడ్డులోది కాదు. గుడ్డు పగలాలంటే మూడు వారాలు పడుతుంది, నా పరీక్ష రెండు వారాలే. ఆ గుడ్డు సంచిలో మట్టితో పాటే వచ్చింది. సార్‌కి చెప్పాను. పదికి పది బతికితే నూరు శాతం, పదకొండు బతికితే నూటపది రాస్తావా, కొట్టెయ్ అన్నారు."

"కార్ఖానా మట్టిలో వానపాము గుడ్డు పెడుతుందా?"

"అక్కడ గడ్డే మొలవదు మేడమ్."

"ఈ సీసాలు జల్లించు."

ఆమె తెల్ల పళ్లెం మీద జల్లెడ పెట్టి ఒక్కో సీసా వంచింది. కోడిగుడ్డు పెంకు ముక్కలు తొమ్మిది తేలాయి. టీ పొడి. ఇరవై ఎనిమిదో సీసాలో వేలి గోరంత ఆకుపచ్చ ముక్క. ఇన్‌స్పెక్టర్ దాన్ని కాగితం మీద రుద్దింది. ఆకుపచ్చ గీత పడింది.

"క్రేయాన్," అన్నాడు హెడ్. "మా మనవడు గోడలన్నీ పాడుచేశాడు వీటితో."

అప్పుడు గోడ అవతలినుంచి చప్పట్లు వినబడ్డాయి. చిన్న చేతుల చప్పట్లు, చాలా. సమయం 3:31.

"ఈ గోడ వెనకేముంది?"

మేనేజర్ ఫైలు సర్దుకున్నాడు. వానపాముల అమ్మాయే చెప్పింది. "డే కేర్ మేడమ్. ఇక్కడ పనిచేసేవాళ్ల పిల్లలది. దాని గేటు అటు వీధిలో ఉంది."

"ఆ రాకు వెనక తలుపు?"

"దాని తాళం చెవి ఎప్పుడో పోయింది," అన్నాడు మేనేజర్.

"తాళం గురించి నేనడగలేదు."

హెడ్ మెల్లగా అన్నాడు. "గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడట."

రాకు కాళ్ల కింద నేల మీద అర్ధచంద్రంలా గీతలున్నాయి. హెడ్, ఫుల్‌స్టాప్ తెచ్చిన కానిస్టేబుల్ కలిసి దాన్ని జరిపారు. తలుపుకి తాళమే లేదు. ఇటువైపు గడియ ఉంది. గడియకి నూనె రాసి ఉంది. వేలు తగలగానే జారింది.

తలుపు అవతల ఆరడుగుల దూరంలో ఇటుకలు పేర్చిన మడి. ఎనిమిదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. సగం దూరం దాకా మట్టి నల్లగా ఉంది. ఇవతలి సగం బూడిద రంగు. వరసలో ముల్లంగి మొక్కలు. ఒక పుల్లకి కాగితం కట్టి, పెద్ద అక్షరాలతో రాశారు: ముల్లంగి. విత్తిన తేదీ 2.

"మిషను తెండి," అంది ఇన్‌స్పెక్టర్.

వానపాముల అమ్మాయికి దాన్ని వాడే లైసెన్సు ఉంది. మోకాళ్ల మీద కూర్చుని ఇవతలి సగానికి ఆనించింది. అరనిమిషం పట్టింది.

సీసం 6,140. కాడ్మియం 71.

"ఇంకోసారి," అన్నాడు ఫుల్‌స్టాప్.

ఒక అడుగు జరిపి ఆనించింది. సీసం 5,870. అవతలి చివర, నల్ల మట్టికి ఆనించింది. సీసం 26.

ఫుల్‌స్టాప్ మేనేజర్ వైపు తిరిగాడు. "చెప్పు."

మేనేజర్ గుమ్మం దాటి రాలేదు. అక్కడే నిలబడి చెప్పాడు.

"రాత్రికి రాత్రి అరవై కిలోల మంచి మట్టి ఎక్కడ దొరుకుతుంది? ఇక్కడ తవ్వాను. గొయ్యి కనబడకూడదని సంచుల్లోది అందులో పోశాను. రెండు రోజుల్లో తీసేద్దామనే అనుకున్నాను సార్. తెల్లారి వచ్చేసరికి పిల్లలు విత్తనాలు వేసేశారు. వేశాక తవ్వితే ఎందుకని అడుగుతారు. మొలకెత్తదులే అనుకున్నాను. మొలకెత్తింది."

"ఎవరి కోసం మార్చావు?"

"పొద్దున ఆయన ఫోన్ చేసింది నీకేనా?" అంది ఇన్‌స్పెక్టర్. "ఏడో గుంట దగ్గరికి వెళ్లింది నువ్వేనా?"

"లాయర్ని పిలిపించండి."

3:47కి ఆమె కమిటీ కార్యదర్శికి ఫోన్ చేసింది.

"అంకె కావాలన్నారు. ఆరువేల నూట నలభై. మీ పట్టికలోని నలభై సంచుల్లో ఉండాల్సిన మట్టి అది. మార్చినవాడు ఒప్పుకున్నాడు."

"ఎవరి ముందు?"

ఫుల్‌స్టాప్ చెయ్యి చాచి ఫోన్ తీసుకున్నాడు. తన పేరు, హోదా చెప్పాడు. "నా ముందు. వాయిదా వెయ్యండి." అని ఫోన్ తిరిగిచ్చాడు.

3:52కి కార్యదర్శి నుంచి సందేశం వచ్చింది. రెండో అంశం వాయిదా.

హెడ్ ఊపిరి వదిలాడు. "గట్టెక్కామమ్మా."

ఇన్‌స్పెక్టర్ మడి మీద వంగి ఉంది. వరసలో మొక్కల మధ్య ఖాళీలున్నాయి. లెక్కపెట్టింది. బూడిద రంగు సగంలో నలభైకి పైగా గుంటలు, వేలు పట్టేంతవి. మట్టి ఇంకా తడిగానే ఉంది.

చప్పుడు విని డే కేర్ ఆయా బయటికి వచ్చింది. కొంగుకి చేతులు తుడుచుకుంటోంది.

"ఇందులోవి ఎవరు పీకారమ్మా?"

"పిల్లలే మేడమ్. పొద్దున పదకొండింటికి. ఇవాళ కోత అని వారం నుంచి ఒకటే గోల. ఎవరి ముల్లంగి వాళ్లే పీకుతామని, చేతులన్నీ మట్టి చేసుకుని..."

"అవి ఎక్కడున్నాయి?"

ఆయా ఆమెను చూసింది, ఫుల్‌స్టాప్‌ని చూసింది, గుమ్మంలో నిలబడ్డ మేనేజర్ని చూసింది.

"ఏమైంది మేడమ్? కడిగాం. రెండుసార్లు కడిగాం."

ఫుల్‌స్టాప్ అప్పటికే అంబులెన్సుకి ఫోన్ చేస్తున్నాడు. ఎంతమంది అని అవతలినుంచి అడిగారు. ఆయన ఆయా వైపు చూశాడు.

డే కేర్ హాజరు పట్టికలో ఆ రోజు ముప్పై ఒక్క మంది ఉన్నారు. ముల్లంగిని తరిగి మధ్యాహ్నం 12:30కి భోజనంలో పెట్టారు. ముప్పై ఒక్క ప్లేట్లు వడ్డించారు. ముప్పై ఒక్కటీ ఖాళీ అయ్యాయి.